చవక 1911: ట్రిగ్గర్ కోసం భరిస్తున్నాను

ఈ పిస్టల్‌ని ఇంకా అమ్మకుండా ఉంచుకున్నానంటే దాని ట్రిగ్గరే కారణం. కొన్నేళ్లుగా వాడుతున్నాను. మధ్యలో తిట్టుకున్న రోజులున్నాయి, సేఫ్‌లో పడేసి నెలల తరబడి మొహం చూడని కాలమూ ఉంది. అయినా గురి సాధన చేసే రేంజ్‌కి బయల్దేరేటప్పుడు బ్యాగులోకి ముందు వెళ్లేది ఇదే.

1911 అంటే జాన్ బ్రౌనింగ్ గీసిన, ఆ ఏడాది అమెరికన్ సైన్యం తీసుకున్న పిస్టల్; అదే నమూనాలో ఇప్పటికీ చాలా కంపెనీలు చేస్తున్నాయి. నాది పాత సైన్యం మోడల్‌కి అచ్చుగుద్దినట్టుండే రకం. బూడిద రంగు గరుకు పూత, చెక్క గ్రిప్పులు, పాయింట్ 45 అంగుళాల తూటా, ఏడు రౌండ్లు, అంటే ఏడు తూటాలు పట్టే మ్యాగజైన్. నాలుగు వందల డాలర్ల పైచిలుకు పెట్టి డాలస్ పక్కన ఒక షాపులో కొన్నాను. మంచి పేరున్న అమెరికన్ కంపెనీది కావాలంటే వెయ్యి దాకా పెట్టాల్సి రావచ్చు, ఇంకా మోజుంటే మూడు వేలైనా చాలవు. ఈ పిస్టల్ పుట్టుక వెనకున్న కారణాల్లో ఒకటి ఫిలిప్పీన్స్‌లో అక్కడి ముస్లిం తెగలైన మోరోలతో అమెరికన్ సైన్యం చేసిన యుద్ధం. అప్పటి పాయింట్ 38 రివాల్వర్లు మీదికొచ్చేవాణ్ణి ఆపలేకపోతున్నాయని గోల మొదలైంది. ఇప్పుడు చవక 1911లు ఎక్కువగా వస్తున్నది ఆ ఫిలిప్పీన్స్ నుంచి, ఆపైన టర్కీ నుంచి. నాది ఎక్కడిదో, ఏ కంపెనీదో రాయను. నేను చెప్పబోయే గొడవలో సగం డిజైన్‌దే.

ఇక ట్రిగ్గర్. ఈ కాలపు ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టళ్లలో చాలావాటి ట్రిగ్గర్‌కి చాకిరీ ఎక్కువ. ఒక పిన్ను మీద ఊగుతూ వెనక్కి వస్తుంది. వస్తూ వస్తూ తూటాని వెనక నుంచి పొడిచే స్ట్రైకర్‌ని మిగతా దూరం లాగాలి, లోపలున్న సేఫ్టీని పక్కకు తప్పించాలి, చివరికి వదలాలి. ఈ పనులన్నీ వేలికి తెలుస్తూనే ఉంటాయి. ముందు మెత్తగా, తర్వాత గరగరగా, ఆపైన గట్టిగా తగులుతుంది. ఎప్పుడు పేలుతుందో చేతికి కుదిరేసరికి చాలా డబ్బు తూటాల కింద కరిగిపోతుంది.

1911లో వెనకుండే చిన్న సుత్తి, అంటే హ్యామర్, ముందే ఎక్కి కూర్చునుంటుంది. ట్రిగ్గర్ ఊగదు, నేరుగా వెనక్కి జరుగుతుంది. దానికి అతికి మ్యాగజైన్‌కి అటూ ఇటూ పోయే పల్చటి చట్రం వెనకనున్న డిస్కనెక్టర్ అనే ముక్కని తోస్తుంది, అది హ్యామర్‌ని పట్టి ఉంచే సియర్‌ని తోస్తుంది, సియర్ హ్యామర్ కొక్కేన్ని వదిలేస్తుంది. వేలు చేయాల్సిన పని అక్కడికి అయిపోయింది. నా ట్రిగ్గర్ లాగడానికి అయిదు పౌండ్లకు అటూ ఇటూగా బలం కావాలి. కాగితం మీద చూస్తే అదేమంత తేలిక కాదు. కానీ కాస్త ఖాళీ దాటాక, వేగిన అప్పడం అంచు విరిగినట్టు టక్కుమని వదులుతుంది. తర్వాతి తూటాకి ట్రిగ్గర్ మళ్లీ సిద్ధం కావడానికి వేలు రవ్వంత ముందుకొస్తే చాలు.

దీన్ని ఎవరూ కూర్చుని రాతి మీద రుద్ది నునుపు చేయలేదు, ఖరీదైన విడిభాగాలూ లేవు. జాన్ బ్రౌనింగ్ వందేళ్ల కిందట గీసిన లెక్కే అలాంటిది. కక్కుర్తిపడి చేసినా మరీ చెడిపోదు. నా ప్లాస్టిక్ 9 ఎం.ఎం. ధర కూడా ఇంచుమించు ఇంతే, కానీ ట్రిగ్గర్‌లో దీని దరిదాపుల్లోకి రాదు.

పొగడ్తలో ఒక మెలిక ఉంది. కింద పడ్డా పేలకుండా ఫైరింగ్ పిన్‌ని (తూటాని పొడిచే సూదిని) ఆపే ఏర్పాటును కోల్ట్ కంపెనీ 1983లో 80 సిరీస్‌తో తెచ్చింది. నాదాంట్లో అది లేదు. ట్రిగ్గర్ అంత శుభ్రంగా ఉండటానికి అదీ ఒక కారణం. రేంజ్‌కి తీసుకెళ్లి తెచ్చుకునే నాకు ఫర్వాలేదు. నడుముకు పెట్టుకుని తిరిగేవాళ్లు ఆలోచించుకోవాలి.

మా బావమరిది మొదటిసారి దీంతో కాల్చినప్పుడు పది గజాల దూరంలో కాగితం మీద పడ్డ రంధ్రాలు చూసి తనే నమ్మలేదు. వాడి దగ్గరున్నది ప్లాస్టిక్‌దే. "బావా, ఇది నేను కాల్చిందేనా?" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత చాలా వారాలు వాడు నా పిస్టల్ పట్టుకుంటే నేను వాడిది పట్టుకోవాల్సి వచ్చింది. దాని ఫలితం మాత్రం బాగాలేదు. దీనికి అలవాటుపడిన వేలు ఇంకో ట్రిగ్గర్ మీద బద్ధకిస్తుంది. ఇది మంచి పిస్టలే, మంచి గురువు మాత్రం కాదు.

ఇప్పుడు అసలు తలనొప్పి. కొన్న ఏడాదిలోపు, వేసవిలో ఒక శనివారం, కాల్చాక మిగిలే ఖాళీ షెల్ బయటికి ఎగరకుండా స్లైడ్‌లో, అంటే పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగంలో, నిలువుగా ఇరుక్కుపోయింది. తీసేసి మళ్లీ కాల్చాను, మూడో తూటాకో నాలుగో తూటాకో మళ్లీ అదే. ఒకసారి ఖాళీ షెల్ లోపలే ఉండిపోయి కొత్త రౌండు దాని వెనక గుద్దుకుంది. పక్క లేన్‌లోంచి మా బావమరిది, "బావా, మీ తాతగారికి దగ్గొచ్చినట్టుంది, మందు పొయ్యి" అన్నాడు. నూనె పోశాను. తగ్గలేదు.

మ్యాగజైన్లు మార్చి చూశాను. వీటిలో సగం రోగాలు మ్యాగజైన్ల వల్లేనని అందరూ చెప్పే మాట, నిజం కూడా. నాకు తగ్గలేదు. తూటాలు మార్చాను, 230 గ్రెయిన్ల బరువుండే మామూలు రౌండ్లే, ఇంకో బ్రాండువి. స్లైడ్‌ని తిరిగి ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్ కొత్తది వేశాను. అది వేసేటప్పుడు మూతి దగ్గరి ప్లగ్ చేతిలోంచి జారి గరాజ్ సీలింగ్‌కి తగిలి వాషింగ్ మెషీన్ వెనక పడింది. దాన్ని చీపురుపుల్లతో బయటికి లాగుతున్నంతసేపూ మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఏమీ అనకుండా చూసింది. అంత చేసినా ఆ శనివారం రోగం అలాగే ఉంది.

కంపెనీకి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు, పంపమన్నారు, పంపాను. నెల దాటాక తిరిగొచ్చింది. డబ్బాలో 'పరీక్షించాం, బాగా పనిచేస్తోంది' అని ఒక చీటీ. ఆ వారమే రేంజ్‌లో రెండో మ్యాగజైన్‌లోనే షెల్ ఇరుక్కుంది. చవక వస్తువు చెడిపోతే నాకు కోపం రాదు. చెడిపోలేదని చీటీ రాసి పంపితే వస్తుంది. పొట్లం విప్పకుండానే తిప్పి పంపారేమోనని ఇప్పటికీ నా అనుమానం.

చివరికి బాగుచేసింది ఊరి చివర చిన్న షెడ్డులో కూర్చుని తుపాకులు బాగుచేసే ముసలి గన్‌స్మిత్. మ్యాగజైన్ అడగలేదు, తూటా ఏదని అడగలేదు. స్లైడ్ ఊడదీసి తిరగేశాడు. మందు లేని ఒక డమ్మీ రౌండు తీసుకుని, షెల్‌ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కిందికి జరిపి చెయ్యి తీశాడు. రౌండు అక్కడ నిలబడకుండా బల్ల మీద పడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ పడింది. నా వైపు చూసి "ఇదీ సంగతి" అన్నట్టు కనుబొమలెగరేశాడు.

ఈ పిస్టల్‌లో ఎక్స్‌ట్రాక్టర్ అంటే స్లైడ్ లోపల వెనక నుంచి ముందు దాకా దూరి ఉండే ఒక పొడుగాటి ఉక్కు పుల్ల. దానికి వేరే స్ప్రింగ్ లేదు, ఆ పుల్లకే స్ప్రింగ్ గుణం ఉండాలి. అది ఎంత వంగి ఉండాలి, రౌండు అంచుని ఎంత గట్టిగా పట్టాలి అన్నది చేత్తో సరిచూడాల్సిన పని. పట్టు తక్కువైతే షెల్ మధ్యలో జారిపోతుంది, ఎక్కువైతే కొత్త రౌండు కొక్కెం కిందికి దూరదు. ఇప్పటి పిస్టళ్లలో చాలావాటికి బయటివైపు చిన్న ఎక్స్‌ట్రాక్టర్, దాని వెనక చుట్ల స్ప్రింగ్ ఉంటాయి, ఫ్యాక్టరీలో బిగిస్తే అయిపోతుంది. ఆ పెద్దాయన పుల్లని సగం బయటికి లాగి, స్లైడ్ రంధ్రాన్నే ఆనుగా పెట్టుకుని ఒక్క వంపు వంచాడు. కొక్కెం కింది మూల ఆకురాయితో రెండుసార్లు గీశాడు. డమ్మీ రౌండు పెట్టి స్లైడ్‌ని అటూ ఇటూ ఊపితే ఈసారి వేలాడుతూ నిలబడింది. ఇరవై డాలర్లు తీసుకున్నాడు. "మ్యాగజైన్‌లోంచే ఎక్కించు, రౌండు నేరుగా బ్యారెల్‌లో పడేసి స్లైడ్ వదలకు, ఇది మళ్లీ వంగిపోతుంది" అని చెప్పి పంపాడు.

అప్పటి నుంచి ఒక్కసారి కూడా షెల్ ఇరుక్కోలేదు. కానీ ఆ రోజు నుంచే దీని చవకదనం మీద నా లెక్క మారింది. 1911 మార్చిలో జరిగిన పరీక్షలో బ్రౌనింగ్ పిస్టల్ ఆరు వేల రౌండ్లు ఎక్కడా మొరాయించకుండా కాల్చిందనీ, వేడెక్కితే నీళ్లలో ముంచి మళ్లీ కాల్చారనీ, ఆ నెల 29న సైన్యం దాన్ని తీసుకుందనీ 1911 అభిమానులంతా గొప్పగా చెప్పుకుంటారు. నిజమే. ఆ పిస్టల్ కాలంలో అవసరమైన భాగాల్ని చేత్తో సరిచూసి అమర్చే పనివాళ్లు ఫ్యాక్టరీలో ఉండేవాళ్లు. నాలుగు వందల డాలర్లలో ఆ పనివాడి జీతం ఉండదు. ట్రిగ్గర్ డిజైన్‌తో పాటు ఉచితంగా వచ్చేసింది, ఎక్స్‌ట్రాక్టర్‌కి చెయ్యి కావాల్సొచ్చింది. ఆ చెయ్యి మీ ఊళ్లో దొరుకుతుందా లేదా అన్నది చూసుకుని కొనండి. నాకు ఇరవై నిమిషాల దూరంలో దొరికింది కాబట్టి ఈ సమీక్ష ఇంత మెత్తగా ఉంది.

చిన్నవి ఇంకా ఉన్నాయి. హ్యామర్ తోక వెనక్కి వచ్చినప్పుడల్లా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని కొరుకుతుంది. 1920లలో దీని తర్వాతి రూపమైన ఏ1 మోడల్‌కి గ్రిప్ సేఫ్టీ (పిడిని గట్టిగా పట్టుకుంటేనే కాల్చనిచ్చే మీట) తోక పొడుగు చేసింది ఇందుకేనట. నా కండపట్టిన చేతికి ఆ పొడుగూ చాలదు, ముందే ఒక ప్లాస్టర్ అంటించుకుని వెళ్తాను. మా బావమరిది బక్క చేతికి గీత కూడా పడలేదు. తూటాల ఖర్చు 9 ఎం.ఎం. కంటే బాగా ఎక్కువ. కొన్నప్పుడు మిగిలిందనుకున్నది ఒక వేసవిలో అయిపోతుంది.

ఇక్కడ మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది కాబట్టి చెప్తున్నాను. హెచ్‌1బీలో ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ కొనడానికీ, దగ్గర ఉంచుకోవడానికీ వీల్లేదు. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులున్నా లాయర్‌ని అడక్కుండా ఆ దారిన పోవద్దు, వీసాతో ఆటలొద్దు. నేను గ్రీన్‌కార్డ్ చేతికొచ్చాకే షాపు మెట్లెక్కాను.

కొనమంటానా? ఇంట్లో ఇంకో పిస్టల్ ఉండి, దీన్ని సరదాకి రేంజ్‌లో వాడేటట్టయితే కొనండి. అర్ధరాత్రి అవసరానికి నేను నమ్మేది ఆ అందవికారపు ప్లాస్టిక్‌దాన్నే, ఇప్పటికీ. ఇంకో చిక్కు నా వయసుది. ఈ పాత మోడల్ సైట్లు, అంటే గురి చూసే గుర్తులు, బియ్యపుగింజంత ఉండి స్లైడ్ రంగులోనే కలిసిపోతాయి. చత్వారం వచ్చాక, రేంజ్ లైట్ల కింద ముందు సైటు నాకు సగంసేపు కనబడదు. మార్పిద్దామంటే ముందు సైటుని స్లైడ్‌లో దిగ్గొట్టి పెట్టారు, కొత్తది పెట్టాలంటే స్లైడ్‌ని కోయించాలి. దానికి చెప్పిన ధర పిస్టల్ ధరలో సగం దాకా ఉంది. ఇదే రకంలో పెద్ద సైట్లున్న మోడల్ వంద, నూటయాభై ఎక్కువకి దొరుకుతోంది. నలభై దాటినవాళ్లు ఆ డబ్బు పెట్టేయండి. నేనూ అదే కొందామని ఇది అమ్మకానికి పెడితే మొదట ఫోన్ చేసింది మా బావమరిది. వాడికి ఇవ్వాలంటే ధర తగ్గించాలి, అందుకని ప్రస్తుతానికి ఆపాను.