కొండల్లో నడిచేవాళ్లకు దారి చూపేందుకు ఏది మేలు: బోర్డా, బండ మీద బాణమా?
సిద్ధవటం దగ్గర లంకమల కొండల్లో మాకు దారి చూపింది రేకు బోర్డు కాదు, బండ మీద గీసిన సున్నపు బాణం. అయితే వంక (వాగు) దగ్గర వానకు దాని కొన చెరిగి తోకే మిగిలింది. అక్కడే ముప్పావు గంట తిరిగినాం.

బోర్డు నడక మొదట్లో ఉండాల్సిందే. ఎంత దూరం, నీళ్లెక్కడ, పొద్దు వాలకముందు ఎక్కడ వెనుదిరగాల అనేవి బాణం చెప్పలేదు. కొండల లోపల మాత్రం నా ఓటు బాణానికే. గాలికి పక్కకు తిరిగిన బోర్డు, లేని బోర్డు కంటే ప్రమాదం. బండ తిరగదు కదా! కాకపోతే సున్నం వద్దు, ఆయిల్ పెయింటే వేయాల. ఎర్రబండ మీద ఎరుపు కనపడదు, పసుపో తెలుపో మేలు. దారి చీలే ప్రతిచోటా రెండు వైపులా గీయాల, తిరిగొచ్చేవాళ్లకూ కనపడేట్టు.