హెర్క్యులేనియం: ఎముకలు చెప్పిన రోమన్ల బతుకు

ఇటలీలోని నేపుల్స్ వెళ్లే మనవాళ్లలో చాలామంది, అగ్నిపర్వతం పేలి పూడిపోయిన రోమన్ పట్టణం పాంపే చూసి వచ్చేస్తారు. చేతిలో ఒక్కరోజే ఉంటే మాత్రం, అలాగే పూడిపోయిన పక్క ఊరు హెర్క్యులేనియంకే వెళ్లమంటాను. రోమన్ సామ్రాజ్యంలో మామూలు జనం ఏం తిన్నారో, ఎంత చాకిరీ చేశారో అక్కడ తెలిసినంత బాగా నాకు ఇంకెక్కడా తెలియలేదు.

గరిబాల్ది స్టేషన్ నుంచి సోరెంటో వైపు వెళ్లే సిర్కుమ్‌వెసువియానా లోకల్ ఎక్కితే ఇరవై నిమిషాల్లో ఎర్కొలానో స్కావి స్టేషన్ వస్తుంది. హెర్క్యులేనియం ఉన్న ఇప్పటి ఊరి పేరు ఎర్కొలానో. రైలు కిక్కిరిసి ఉంటుంది, పర్సు జాగ్రత్త. దిగాక పల్లంలోకి పది నిమిషాల నడక. మేము నేపుల్స్‌లో స్టేషన్ పక్కనే ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. రాత్రంతా స్కూటర్ల రొద, వేడినీళ్లు రావడం లేదని చెప్పినా పట్టించుకున్నవాళ్లు లేరు. ఈసారి వెళ్తే ఎర్కొలానోలోనే దిగుతాను, పొద్దున్నే గేటు తీసేసరికి అక్కడుండొచ్చు.

పాతకాలపు సముద్రతీరం ఇప్పుడు ఊరికంటే చాలా కిందుంది. అక్కడ వరసగా రాతి కమానుల గదులున్నాయి, పడవలు పెట్టుకునేవి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు జనం వాటిలో దూరారు. 1980ల దాకా ఊళ్లో పెద్దగా అస్థిపంజరాలు దొరకలేదు కాబట్టి అందరూ తప్పించుకున్నారనే అనుకున్నారు. తర్వాత ఇక్కడ సుమారు 300 మంది బయటపడ్డారు. గదుల్లో ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. ఒకరి భుజం మీద ఒకరి తల, మోకాళ్లు ముడుచుకుని. ఇప్పుడు చూపిస్తున్నవి నకళ్లే, అసలు ఎముకలు పరిశోధనకు తీశారు. అది తెలిసి కూడా మా అమ్మ చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ కాలపు రోమన్లు ఎక్కువగా దహనం చేసేవారు, అందుకే ఎముకలు దొరకడం అరుదు. ఇక్కడేమో ఒక ఊరి జనం, పిల్లాజెల్లా, యజమానులు, బానిసలు అంతా ఒకేచోట దొరికారు. సారా బిసెల్ అనే శాస్త్రవేత్త వీళ్ల ఎముకల్ని ఒక్కొక్కటే పరిశీలించింది. ఉంగరాల మహిళ అని పేరుపడిన ఆవిడకు నలభై అయిదేళ్లుండొచ్చు. వేళ్లకు రాళ్ల ఉంగరాలు, చేతులకు పాము తలల బంగారు కడియాలు. తిండికి లోటు లేకుండా పెరిగిన మనిషే, కానీ చిగుళ్ల జబ్బు ఉండేదని దవడ ఎముకే చెబుతోంది.

నన్ను పట్టేసింది తిండి సంగతి. 2021లో వచ్చిన అధ్యయనంలో 17 మంది ఎముకల ప్రోటీన్‌ను పరీక్షించారు. మగవాళ్లకు సముద్రపు చేపల వాటా ఆడవాళ్లకంటే సుమారు సగం ఎక్కువ. ఆడవాళ్ల ఒంట్లో మాంసం, పాలు, స్థానిక కూరగాయల జాడ ఎక్కువ. మగవాళ్లే చేపల వేటకు వెళ్లడం, బానిసత్వం నుంచి ముందుగా విడుదలై ఖరీదైన చేపలు కొనుక్కోగలగడం కారణాలు కావచ్చంటున్నారు. సముద్రం ఒడ్డునే ఉన్నా వంతు సమానంగా లేదన్నమాట. అమ్మ వెంటనే, "మన ఇళ్లల్లో ఆడవాళ్ల కంచాలూ అంతేగా" అంది.

పాంపేలో చనిపోయినవాళ్ల ఆకారాలకు తీసిన ప్లాస్టర్ అచ్చులూ చూడాల్సినవే, ముఖ్యంగా ఫ్యుజిటివ్స్ తోటలోని 13 మంది. కానీ అక్కడి పాత కథల్ని అలాగే నమ్మకండి. బంగారు కడియం ఉన్న మనిషిని, పక్కనున్న పసివాణ్ణి తల్లీబిడ్డలనే చెప్పేవారు. 2024లో డీఎన్‌ఏ చూస్తే ఆ కడియం మనిషి మగవాడు, ఆ బిడ్డకు రక్తసంబంధీకుడే కాదు.

హెర్క్యులేనియంలో గైడ్‌ను పెట్టుకోండి, కానీ తీరం దగ్గర ఎంతసేపు ఆపుతారో ముందే అడగండి. మా గైడ్ పైన గోడల చిత్రాల దగ్గరే సమయమంతా అవగొట్టాడు, కింద మాకు మేమే చూసుకోవాల్సి వచ్చింది. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం, రద్దీ మాత్రం విపరీతం. పెద్దవాళ్లతో వెళ్తే ఆ రోజు వద్దు.