ఎస్‌ఎస్ వెల్డింగ్ మీది నీలిరంగు, దాన్ని తీసే పేస్ట్: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) పైపుకి ఆర్గాన్ వెల్డింగ్ (వేడి లోహానికి గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్ కప్పి చేసేది) చేశాక అతుకుకి అటూ ఇటూ పసుపు, ఊదా, నీలం చారలు తేలతాయి. రీల్స్‌లో ఆ చారలకే లైకులు. కస్టమర్లు కూడా కొందరు "మేస్త్రి గారూ, ఆ నీలం బాగుంది, ఉంచెయ్యండి" అంటారు. నేను ఉంచను. దాన్ని తీయడానికి ఏళ్ళుగా వాడుతున్న పిక్లింగ్ పేస్ట్ (లోహం పైపొరని తినేసే యాసిడ్ ముద్ద) గురించే ఈ సమీక్ష. మా షాపు విశాఖలో. రెయిలింగులు, హోటల్ వంటగదులు, అప్పుడప్పుడు డెయిరీ పైపులైన్లు చేస్తాం. సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి, ఏ అతుకుని సరిగ్గా శుభ్రం చేశామో, దేన్ని పైపైన తుడిచి వదిలేశామో ఎక్కువ కాలం దాగదు.

ముందు ఆ రంగు సంగతి. అది మసి కాదు. స్టెయిన్‌లెస్‌ని తుప్పు నుంచి కాపాడేది దాని మీద తనంతట తనే కట్టుకునే క్రోమియం ఆక్సైడ్ పొర. దాని మందం రెండు మూడు నానోమీటర్లు, అంతే. వెల్డింగ్ వేడి మీద గాలి తగిలితే ఆ పొర పదుల నానోమీటర్లకు పెరుగుతుంది. వాననీటి మీద పెట్రోల్ చుక్క పడినప్పుడు రంగులు కనిపించినట్టే ఇక్కడా పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. లేత గడ్డిరంగు అంటే లోహం సుమారు 300 డిగ్రీల సెల్సియస్ చూసింది. ఊదా 450 దగ్గర, నీలం 550 ఆ పైన. వేడి ఎంతసేపు నిలిచింది, ఆక్సిజన్ ఎంత తగిలింది అన్నదాన్ని బట్టి ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది. మెరుపే లేకుండా బూడిదగానో నల్లగానో ఉంటే మాత్రం కరెంటు ఎక్కువైంది, లేదా టార్చ్ నెమ్మదిగా నడిచింది, లేదా గ్యాస్ సరిగ్గా కప్పలేదు.

అసలు చిక్కు కంటికి కనిపించేది కాదు. ఆ పొర మందమెక్కడానికి క్రోమియం కింది లోహం నుంచే వస్తుంది. 304 అనే మామూలు ఎస్‌ఎస్ రకంలో ఉండాల్సిన 18 శాతం క్రోమియం ఆ రంగు కింద సన్నటి పట్టీలో తగ్గిపోతుంది. మొత్తంగా 10.5 శాతం కూడా లేని ఉక్కుని స్టెయిన్‌లెస్ అనే అనరు. కాబట్టి రంగుతో పాటు ఆ బలహీనమైన పట్టీ కూడా పోవాలి. ఏ పద్ధతినైనా నేను కొలిచేది దీంతోనే.

పేస్ట్ ఈ పని నిజంగా చేస్తుంది. అందులో నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్లు ఉంటాయి. రంగునీ, దాని కింద క్రోమియం తగ్గిన లోహాన్నీ రెండింటినీ తినేస్తుంది. ప్లాస్టిక్ కుచ్చు బ్రష్‌తో పూసి, 304కి అరగంట లోపు, తుప్పుని ఇంకా బాగా తట్టుకునే 316 రకానికి ఇంకాస్త ఎక్కువసేపు ఉంచి, ప్రెషర్ నీళ్ళతో కడగాలి. టైము విషయంలో డబ్బా మీద రాసిందే మాట. ఎండలో పూయకూడదు. ఎండిపోతే పని చేయదు, పైగా మరకలు కడిగినా వదలవు. ఇలా చేసిన 316 రెయిలింగులు బీచ్ రోడ్డు వైపు ఇళ్ళల్లో అతుకుల దగ్గర శుభ్రంగానే ఉన్నాయి. 304 వేసిన చోట పైపు మీదే టీ మరకల్లాంటి గోధుమరంగు వస్తుంది. ఆ నేరం పేస్ట్‌ది కాదు, గ్రేడ్‌ది.

లోపాలూ చిన్నవి కావు. పూసిన చోట తెల్లగా, మ్యాట్‌గా అవుతుంది. అద్దంలా పాలిష్ చేసిన పైపయితే మళ్ళీ బఫింగ్ తప్పదు. బిగించిన రెయిలింగు మీద పూస్తే కారి గ్రానైట్ మెట్ల మీదా, గ్లాస్ ప్యానెళ్ళ మీదా పడుతుంది. హైడ్రోఫ్లోరిక్ గాజునీ రాయినీ కూడా తింటుంది. అందుకని ఈ పని షాపులోనే ముగించి, తర్వాతే సైటుకి పంపుతాం.

ఇక భయం సంగతి. హైడ్రోఫ్లోరిక్ చర్మం మీద పడితే వెంటనే మంట ఉండకపోవచ్చు. గంటల తర్వాత మొదలవుతుంది, అప్పటికి లోపలికి దిగి ఉంటుంది. శరీరంలో కాల్షియాన్ని పట్టుకుంటుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేని షాపులో ఈ డబ్బా మూత తీయకూడదు. పడిన వెంటనే నీళ్ళతో బాగా కడిగి, జెల్ రాసి, ఆసుపత్రికి వెళ్ళి ఇది ఏ యాసిడో పేరుతో సహా చెప్పాలి. పల్చటి సర్జికల్ గ్లౌజులు చాలవు. మందపాటి పీవీసీ గ్లౌజులు, ముఖానికి షీల్డు, గాలి ఆడే చోటు కావాలి. కడిగిన నీళ్ళలో క్రోమియం, నికెల్ ఉంటాయి కాబట్టి నేరుగా కాలవలోకి వదలకూడదు. సున్నంతో యాసిడ్‌ని విరిచాక కింద పేరుకున్న మడ్డిని వేరుగా అప్పగించాలి. ఇదంతా చేసే ఓపిక లేనివాళ్ళు ఈ పేస్ట్ కొనకండి.

వాళ్ళకి కరెంటుతో పనిచేసే క్లీనింగ్ మిషన్ మేలు. కార్బన్ ఫైబర్ బ్రష్, ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణం ఉంటాయి. పసుపు, నీలం చారలు చూస్తుండగానే పోతాయి, పాలిష్ పెద్దగా చెడదు. నల్లగా కాలిన అతుకు మీద మాత్రం ఆపసోపాలు పడుతుంది. ఖరీదు పేస్ట్ కన్నా చాలా ఎక్కువ. బిగించిన రెయిలింగుకి నా ఓటు దీనికే.

వైర్ బ్రష్, బఫింగ్ రంగుని తీస్తాయి, కింది పట్టీని చాలాసార్లు అలాగే వదిలేస్తాయి. అదీ ఎంఎస్ (మామూలు ఇనుము) మీద వాడిన బ్రష్షో బఫింగ్ చక్రమో అయితే ఇనుప రజను అతుక్కుని, అక్కడే చుక్కలు చుక్కలుగా తుప్పు. బాత్రూం యాసిడ్‌తో తుడిచే మహానుభావులూ ఉన్నారు. అది హైడ్రోక్లోరిక్, ఎస్‌ఎస్‌కి గుంటలు పెడుతుంది.

పేస్ట్ చేరని చోటు ఒకటుంది, పైపు లోపల. బయట అతుకు వెండిలా మెరుస్తున్నా లోపల నల్లగా గరుకు కట్టి ఉండొచ్చు, డెయిరీలో పాలు తగిలేది దానికే. అక్కడ గాలి తగలకుండా వెల్డింగ్‌కి ముందే పైపులో ఆర్గాన్ నింపడమే మంచి దారి. ఆర్గాన్ గాలి కన్నా బరువు, అందుకని కింది నుంచి ఎక్కించి పైనుంచి గాలిని వదలాలి. అతుకు సందుకి టేపు వేయాలి. వెల్డింగ్ అయ్యాక కూడా చల్లారేదాకా గ్యాస్ ఆపకూడదు. అమెరికన్ వెల్డింగ్ సొసైటీ వాళ్ళ డీ18.2 చార్టులో 316ఎల్ గొట్టం లోపలి రంగులు పది నమూనాలుగా ఉంటాయి. మొదటిది 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది) ఆక్సిజన్‌తో చేసింది, పదోది 25,000తో. ఆ పదోది కూడా గాలిలో ఉండే 21 శాతం ముందు రెండున్నర శాతమే! అయినా చూడ్డానికి ఘోరం. ఎన్నో నమూనా దాకా ఒప్పుకుంటారో పని మొదలవకముందే కస్టమర్‌తో రాయించుకోవడం మంచిది, తర్వాత వాదనలుండవు.

పేస్ట్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను. ఒక మార్కు తగ్గించింది ప్రమాదానికీ, కడిగిన నీళ్ళ బెడదకీ. చిన్న డబ్బాలే కొనండి, తేదీ చూసి తీసుకోండి. మన ఎండలకి మూత తీసిన పెద్ద డబ్బా సగం కాకముందే నీరు వేరు, పిండి వేరు అయిపోతుంది.