పన్నెండు నిమిషాలకు పందొమ్మిది వేలు

మనిషికి 9,500 రూపాయలు, ఇద్దరికి 19,000. బస, భోజనం వేరు. రెండు రోజుల పారాగ్లైడింగ్ శిక్షణలో నేను గాలిలో ఉన్నది పన్నెండు నిమిషాలు. నా బావమరిది అసలు ఎగరనే లేదు. అతను ఎగరనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను కానీ, డబ్బులు మాత్రం ఇద్దరివీ పోయాయి.

పారాగ్లైడింగ్ ప్రాథమిక కోర్సు మూడేళ్ల కిందట మహారాష్ట్రలోని కామ్‌షేట్‌లో చేశాను. ఆ తర్వాత వింగ్, అంటే మనిషిని గాలిలో మోసే ఆ గుడ్డ రెక్క, ముట్టుకోలేదు. హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరంలో, నల్గొండ దగ్గరే పాత పైలట్లకు మళ్లీ సాధన చేయిస్తాం, సురక్షితంగా దిగే పద్ధతులు నేర్పిస్తాం అన్న ప్రకటన కనబడగానే ఫోను చేశాను. జనవరి చివరి వారం. ఉదయం చలి, మధ్యాహ్నం ఎండ, యాసంగి నాట్లు సాగుతున్న పొలాలు. ప్రయాణం హాయిగా సాగింది, చెప్పుకోవడానికేమీ లేదు.

చెప్పుకోవలసింది లాడ్జి గురించి. గది అద్దె 1,400. వేడినీళ్లు ఆరింటి నుంచి ఎనిమిదింటి వరకు అని గోడ మీద రాసి ఉంది. మేము గుట్టకు బయలుదేరాల్సింది అయిదున్నరకు. బకెట్‌కు ముప్పై రూపాయలిస్తే పొయ్యి మీద కాచి ఇస్తామన్నారు, ఇచ్చాం, వచ్చింది గోరువెచ్చని నీళ్లు. అద్దెకు తెచ్చుకున్న వింగ్ సంచిని చూసి కౌంటర్ దగ్గరి ఆయన మమ్మల్ని షామియానా వాళ్లనుకున్నాడు. గదిలో సరుకు పెడితే 200 అదనం అన్నాడు. అది గుడారం కాదు, ఎగిరేది అని బావమరిది వివరించబోయాడు. "ఎగిరేదైతే ఇంకా ఎక్కువ కట్టాలి" అన్నాడాయన. కట్టాం.

మొదటి రోజు శిక్షకుడు పది గంటలకు వచ్చాడు. అంతవరకు మమ్మల్ని ఎండిన చెరువు శిఖంలో ఒక కుర్రవాడికి అప్పగించారు. అతని పని వింగ్‌లు ఆరబెట్టడం, మడిచి సంచిలో పెట్టడం. రోజుకు 400 కూలి. ఈ యాత్రలో నేను నేర్చుకున్నదంతా ఆ కుర్రవాడి దగ్గరే.

గాలికి ఎదురుగా వింగ్ పరిచి, దాని వైపు తిరిగి నిలబడమన్నాడు. రైజర్లంటే వింగ్ తాళ్లను మన ఒంటికి కలిపే పట్టీలు. మళ్లీ ముందుకు తిరిగేటప్పుడు వాటి మెలిక విడిపోయే వైపుకే తిరగాలి. తప్పితే తాళ్లు మెలిక పడతాయి. ముందు అంచు లేచి గోడలా నిలబడే దాకా ఆగాలి. "మీరు లాగకండి సార్, అది వస్తుంది" అన్నాడు. అది నెత్తి మీదికి రాగానే చేతిలోని బ్రేకు తాళ్లు కొంచెం పట్టి ఆపాలి, లేకపోతే మనల్ని దాటి ముందుకు పోతుంది. వింగ్ ఓ పక్కకు వాలితే చేతులతో పోట్లాడకుండా కాళ్లతో ఆ పక్కకే నడిచి దాని కిందికి చేరాలి. ఇదంతా కామ్‌షేట్‌లో విన్నదే. కానీ అక్కడ నేను ఎగరాలన్న తొందరలో ఉన్నాను.

ఒక్కటి మాత్రం కొత్తగా నేర్పాడు. గాలి బలంగా ఉన్నప్పుడు నేల మీద వింగ్‌ను పడగొట్టాలంటే బ్రేకులు గుంజకూడదట. గుంజితే అది పడే ముందు ఒక్కసారి మనిషిని వెనక్కి లేపి ఈడ్చేస్తుంది. వెంటనే వింగ్ వైపు తిరిగి, వెనక రైజర్లు లాగి, దాని వైపు నాలుగడుగులు పరుగెత్తాలి. ఆ ఒక్కపని నా చేత ఇరవై సార్లు చేయించాడు. బావమరిదికి విసుగొచ్చి గట్టు మీద కూర్చున్నాడు. "దీనికేనా బావా, 9,500?" అన్నాడు.

మధ్యాహ్నం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూశాం. లింగం మీద రోజంతా కదలకుండా నిలిచే ఆ నీడ కోసమైనా వెళ్లండి.

రెండో రోజు గుట్ట ఎక్కేసరికి పదకొండు. శిక్షకుడు ఆలస్యం. ఇక్కడి నల్లరాతి గుట్టలు ఎండకు పెనంలా కాలతాయి, వాటి మీది గాలి ఎగదన్నుతుంది. శిఖరం దగ్గర మామూలు గాలి కూడా వేగం పుంజుకుంటుంది. ఆ మాట అంటే "ఏం కాదు సార్" అన్నాడు. నేనూ ఆశపడ్డాను, అది నా తప్పే.

పది నిమిషాలు బ్రహ్మాండం. తర్వాత కింద తాటిచెట్టు కదలడం లేదని గమనించాను. చెట్టు కాదు, నేనే ముందుకు కదలడం లేదు. నాలాంటి వాళ్లకిచ్చే వింగ్ వేగం గంటకు 36, 37 కిలోమీటర్లు. ఎదురుగాలి దాదాపు అంతే ఉంది. ఇంకొంచెం పెరిగితే గుట్ట వెనక్కి పోతాను, అక్కడ గాలి సుడులు తిరుగుతుంది. వాకీటాకీలో శిక్షకుడు "స్పైరల్ కొట్టండి" అని అరిచాడు. గిరగిరా చుట్లు తిరుగుతూ వేగంగా దిగడం అన్నమాట. నేల నుంచి నా ఎత్తు 200 మీటర్లు కూడా లేదు. స్పైరల్‌లో సెకనుకు పది మీటర్లు, ఇంకా ఎక్కువే దిగిపోతాం. తిరిగే ప్రతి చుట్టూ గాలి నెట్టే వైపుకే, అంటే గుట్ట వైపుకే, తీసుకుపోతుంది. తగినంత ఎత్తు, ముందు సాధన లేనివాడికి ఇవ్వదగ్గ సలహా కాదది. వాకీటాకీకి జవాబివ్వలేదు.

రెండు పక్కలా ముందు అంచుకుండే తాళ్లలో (‘A’ తాళ్లంటారు) బయటివి కిందికి లాగి వింగ్ కొసలు మడిచాను. పెద్ద చెవులంటారు దీన్ని. మడిచాకే స్పీడ్ బార్, అంటే వేగం పెంచడానికి కాళ్లతో తొక్కే కడ్డీ, తొక్కాలి. వరస తారుమారు చేయకూడదు. చేతులు తాళ్ల మీద ఉంటాయి కనుక మలుపులు ఒంటి బరువుతోనే. దిగుడు సెకనుకు రెండు మూడు మీటర్లయింది, మెల్లగా ముందుకూ జరిగాను. కరెంటు తీగలు దాటాక బార్ వదిలి, తర్వాత చెవులు విప్పి, బత్తాయి తోట పక్కన బీడులో కాళ్లు మోపాను. వెంటనే తిరిగి వెనక రైజర్లు లాగాను. ఒళ్లు దానంతటదే తిరిగింది. నిన్నటి ఇరవై సార్లూ ఇందుకే కాబోలు. నేను ఈడ్చుకుపోలేదు కానీ వింగ్ చివర తోటలో పడింది. బత్తాయి చెట్టుకు ముళ్లుంటాయని అంతవరకు నాకు తెలియదు.

రైతు ముందు తిట్టాడు, తర్వాత నీళ్లిచ్చాడు, తర్వాత జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు పెట్టాడు. విరిగిన కొమ్మలకు 500 ఇస్తే 300 తీసుకున్నాడు. రెండు రోజుల్లో నేను తిన్న మంచి భోజనం అదే.

నిర్వాహకుడు చిరుగులకు 6,000 అడిగాడు. హార్నెస్ (ఒంటికి కట్టుకునే పట్టీల సీటు) విప్పుతూ, ఆపదలో వాడే రిజర్వ్ పారాచూట్ చీటీ చూశాను. మడత తేదీ నాలుగేళ్ల కిందటిది. ఏడాదికి ఒకసారైనా విప్పి మళ్లీ మడవాల్సిన వస్తువు. ఎగరకముందు చూడవలసింది నేనే. అద్దె వింగ్ తీసుకునేవారు ఆ చీటీ చూడకుండా బకిల్ పెట్టుకోకండి. చీటీ చూపించేసరికి 6,000 కాస్తా 1,500కు దిగింది. ఆ రోజు అంత వేగంగా దిగింది అదొక్కటే. కుర్రవాడికి వెయ్యి ఇవ్వబోతే సిగ్గుపడి సగమే తీసుకున్నాడు.

నార్కట్‌పల్లిలో టీకి ఆగేదాకా బావమరిది మాట్లాడలేదు. గ్లాసు కింద పెట్టి, "వచ్చే నెల మళ్లీ వద్దాం బావా. గుట్టకు వద్దు, ఆ చెరువుకు" అన్నాడు.