టాటా ఏస్ ఈవీ 1000: బ్యాటరీని తాగేది ఘాటు రోడ్డు కాదు, స్పీడు

ఎలక్ట్రిక్ ఏస్ కొన్నానని తెలిసినప్పటి నుంచి చిత్తూరులో కనపడినవాళ్లంతా అడిగేది ఒకటే మాట: "మొగిలి ఘాటు ఎక్కుతుందా?" ఎక్కుతుంది. నిండు లోడుతో, ఆగకుండా, ఇంజను మొత్తుకోకుండా ఎక్కుతుంది. ఇంజనే లేదు కదా. కానీ అడగాల్సింది అది కాదు. "తిరుపతికి ఎంత స్పీడులో పోతున్నావు?" అని అడగాలి. ఈ బండితో లాభమో నష్టమో తేలేది అక్కడే.

మాది గానుగ. చెనక్కాయ నూనె టిన్నులు తిరుపతి అంగళ్లకు పోతాయి, నూనె తీయగా మిగిలిన చెక్క (పశువుల దాణా) బస్తాలకెత్తి పలమనేరు పక్క పాడి రైతులకు పంపుతాం. బండి తోలేది మా బామ్మర్ది. వీలున్నప్పుడల్లా పక్కన కూర్చుని, మీటరు చూసి నోటుబుక్కులో రాసుకునేది నేను. ఈ రెండు దారులూ ఒకదానికొకటి పూర్తిగా వేరు కాబట్టి ఈ రివ్యూ రాయొచ్చు అనిపించింది. సిటీలో సిలిండర్లు వేసే బండికి ఈ లెక్కలు సరిపోవు.

మొదట కాగితం మీదున్న సంగతి. ఇది 2024లో వచ్చిన మోడల్. టన్ను బరువు మోస్తుంది. 27 కిలోవాట్ల మోటారు, 21.3 కిలోవాట్ అవర్ల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ. మన భాషలో 21 యూనిట్ల కరెంటు పట్టే ట్యాంకు అనుకోండి. ఒక ఛార్జికి కంపెనీ చెప్పే రేంజి 161 కిలోమీటర్లు, అంటే యూనిట్‌కు ఏడున్నర కిలోమీటర్లు. ఇది టెస్టులో తీసిన అంకె. ఆ టెస్టులో ఎదురుగాలి ఉండదు, ఎత్తు ఉండదు, సగటు వేగం కూడా తక్కువ. డీజిల్ బండ్ల మైలేజీ అంకెలు ఎన్నేళ్లుగా చూడలేదు మనం, ఇదీ అంతే. కొనేముందు ఆ 161ని పక్కన పెట్టి, మీ దారికి మీరే లెక్క కట్టుకోవాలి.

ఇప్పుడు పలమనేరు. చిత్తూరు నుంచి బెంగళూరు హైవే మీద 40 కిలోమీటర్లు, మొగిలి ఘాటు ఈ దారిలోనే. చిత్తూరు సముద్రమట్టానికి సుమారు 330 మీటర్ల ఎత్తులో ఉంటే పలమనేరు 680 దగ్గర ఉంది. అంటే బండి, సరుకు కలిపి రెండు టన్నుల పైచిలుకు బరువును 350 మీటర్లు పైకి మోయాలి. దీనికి ఎంత కరెంటు కావాలో ఇంటర్ ఫిజిక్సు చదివిన పిల్లోడు కూడా చెప్తాడు: బరువు, ఎత్తు, గురుత్వాకర్షణ గుణిస్తే సుమారు 2 యూనిట్లు. మోటారులో, గేరులో పోయేది కలుపుకుంటే రెండుంపావు. అంతే! అందరూ భయపడే ఘాటు ఖర్చు 21 యూనిట్లలో పదో వంతు. మామూలు రోడ్డు ఖర్చుతో కలిపి పలమనేరు చేరేసరికి మాకు 9 యూనిట్లు పోతాయి, మీటరు 58 శాతం దగ్గర నిలబడుతుంది. తిరుగు ప్రయాణంలో ఖాళీ బస్తాలతో ఘాటు దిగుతుంటే మోటారే జనరేటరు లాగా తిరిగి కొంత వెనక్కి ఇస్తుంది. వచ్చేదానికి ఖర్చు 5 యూనిట్ల లోపే. పోయిరాను 80 కిలోమీటర్లు, ఇల్లు చేరేసరికి బ్యాటరీలో ఇంకా మూడో వంతు ఉంటుంది. ఛార్జరు వెతుక్కునే పనే లేదు.

ఒక కిటుకు చెప్తా. కిందికి దిగేటప్పుడు ఖాళీగా దిగకండి. టమోటా బాక్సులో, ఇంకేదో కిరాయో దొరికితే ఎక్కించుకోండి. బరువుంటే దిగేటప్పుడు వెనక్కి వచ్చే కరెంటు కూడా ఎక్కువ, కాబట్టి ఆ బరువు ఖర్చులో కొంత ఘాటే భరిస్తుంది. ఇంకోటి, పలమనేరులో ఎవరైనా ప్లగ్గు ఇచ్చినా నూరు శాతం నింపుకుని దిగకండి. నిండిన బ్యాటరీ ఇంకేం పట్టదు కదా, దిగేటప్పుడు వచ్చే కరెంటు చేరే చోటుండదు. భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. ఆ మలుపుల్లో ఎన్ని యాక్సిడెంట్లు జరిగాయో మన జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

తిరుపతి దారి దీనికి తిరగబడిన కథ. పూతలపట్టు, గాదంకి టోలు, కాశిపెంట్ల, చంద్రగిరి మీదుగా 70 కిలోమీటర్లు, మంచి రోడ్డు. పైగా తిరుపతి చిత్తూరు కంటే 170 మీటర్లు పల్లం. లోడుతో దిగుతాం, ఖాళీ టిన్నులతో ఎక్కుతాం. చూస్తే ఇంతకన్నా అనువైన దారి లేదనిపిస్తుంది. కానీ బండి ఆయాసపడేది ఇక్కడే.

ఈ బండి 60 దాటదు. హైవే మీద 60 అంటే అందరికన్నా వెనక మనమే. ఆర్టీసీ బస్సు హారను కొడతా దాటిపోతుంది, కార్ల సంగతి సరేసరి. దాంతో మా బామ్మర్ది కాలు యాక్సిలరేటరు మీదే ఉంటుంది. "బావా, ఇంకా నెమ్మదిగా పోతే సైకిలోడు దాటేస్తాడు" అంటాడు. వాడి బాధ వాడిది, కానీ గాలి దెబ్బ వేగంతో పాటు వరసగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 50 నుంచి 60కి పోతే గాలిని తోసే బలం ఒకటికి ఒకటిన్నర దగ్గరికి వస్తుంది. వెనక టార్పాలిన్ కట్టిన ఎత్తు బాడీ అయితే మరీను. మా పుస్తకంలో ఉన్న తేడా ఇది: 50 దగ్గర పట్టుకుంటే తిరుపతి చేరేసరికి సగం బ్యాటరీ మిగులుతుంది. 60లోనే లాగితే 42 శాతం. పోయిరాను కలిపితే ఆ పది కిలోమీటర్ల స్పీడుకు పడే దండుగ 3 యూనిట్ల పైనే. మొగిలి ఘాటు ఎక్కడానికయ్యే ఖర్చు కన్నా ఎక్కువ! ఇంతా చేసి ఆదా అయ్యే సమయం ఒక్క వైపుకు పద్నాలుగు నిమిషాలు. ఆ సమయం చంద్రగిరి దగ్గర టీకే సరిపోతుంది.

ఆషాఢంలో ఇంకో తలనొప్పి. పడమటి గాలి. పోయేటప్పుడు వెనక నుంచి నెడుతుంది, వచ్చేటప్పుడు ఎదురు. ఖాళీ బండి కదా తేలిగ్గా వస్తుందనుకుంటే, పాకాల పక్కకు వచ్చేసరికి లోడుతో పోయినప్పటిలాగే తాగుతుంది. టార్పాలిన్ విప్పేసి, దాన్ని నిలబెట్టే కమ్మీలు పడుకోబెట్టి తోలితే మీటరులో తేడా కనపడింది. అప్పటి నుంచి తిరుగుదారిలో అదే పద్ధతి.

సారాంశం ఏమంటే తిరుపతికి పోయిరావడం ఒక్క ఛార్జితో కాదు. 50లో పోయినా 21 యూనిట్లూ ఊడ్చుకుపోతాయి. నేనైతే మీటరును పది శాతం కిందికి పోనివ్వను. కాబట్టి తిరుపతిలో కొంచెమైనా నింపుకోవాలి. మేము నూనె వేసే ఒక అంగడాయన గోడౌనులో 15 ఆంపుల ప్లగ్గు వాడుకోనిస్తాడు, కరెంటు డబ్బులు లెక్కలో తగ్గించుకుంటాడు. టిన్నులు దించి, మిగతా అంగళ్ల వసూళ్లు ఆటోలో తిరిగి చూసుకుని వచ్చేసరికి రెండు గంటలు. 5, 6 యూనిట్లు ఎక్కుతాయి, చాలు. హైవే పక్క ఫాస్ట్ ఛార్జర్లను నమ్ముకుని సరుకు ఎక్కించొద్దు. ఒకచోట యాప్‌లో ఖాళీగా ఉందని చూపించింది, పోయి చూస్తే మిషనుకు గోనెపట్టా కప్పి ఉంది. వాచ్‌మన్ "రేపు వస్తారన్నా" అన్నాడు. రేపు మాకెందుకు?

మీటరు గురించి ఒక మాట. ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీలో ఓల్టేజి మధ్యలో దాదాపు కదలదు. అందుకే ఎంత మిగిలిందో బండికే సరిగా అంతుపట్టదు. వారానికొకసారైనా నూరు శాతం దాకా పెట్టి వదిలేస్తే లెక్క సర్దుకుంటుంది. అలా చెయ్యకుండా రోజూ 80 దగ్గరే తీసేస్తే, ముల్లు ఉన్నట్టుండి దూకుతుంది. ఇక మిగిలిన కిలోమీటర్లని చూపించే అంకెను పట్టించుకోకండి. అది ఇందాకటి రోడ్డును బట్టి చెప్పేది, ముందున్న రోడ్డు దానికి తెలియదు. ఘాటు దిగి వచ్చాక చూస్తే మద్రాసు దాకా పోతానంటుంది. శాతం ఒక్కటే చూడండి.

డబ్బుల లెక్క. గోడ ప్లగ్గు నుంచి బ్యాటరీకి చేరేలోపు పదిలో ఒక వంతుకు పైనే వేడిగా పోతుంది. తిరుపతి ట్రిప్పుకు బిల్లులో 25 యూనిట్ల దాకా పడుతుంది. యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా 250. మా పాత డీజిల్ ఏస్ ఇదే లోడుకు లీటరుకు 17 ఇచ్చేది. ఎనిమిది లీటర్లు, ఎనిమిది వందల దగ్గర. ట్రిప్పుకు ఐదు వందల పైన మిగులు. ఆయిలు మార్పు లేదు, క్లచ్చు లేదు. కానీ డీజిల్ బండి ధరతో పోలిస్తే ఎక్కువ పెట్టాం, ఆ తేడాకు వడ్డీ కూడా కడుతున్నాం. రోజూ తిరిగితేనే గిట్టుబాటు. వారానికి రెండు రోజులు తిప్పేవాళ్లు డీజిల్‌తోనే ఉండండి.

కోలారు, బెంగళూరు మార్కెట్లకు పోయేవాళ్లకు ఈ బండి వద్దు. చిత్తూరు చుట్టూ కాణిపాకం, పూతలపట్టు, పలమనేరు దాకా తిరిగేవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. తిరుపతి వాళ్లు మాత్రం కొనేముందు రెండు పనులు చేసుకోండి: సరుకు దించే చోట ఒక 15 ఆంపుల ప్లగ్గు మాట్లాడుకోండి, తోలేవాణ్ణి 50కి ఒప్పించుకోండి. మొదటిది ఒక్క పూటలో అయిపోయింది. రెండోదానికి నేనింకా మా బామ్మర్దితో బేరం ఆడుతూనే ఉన్నాను. నెలలో మిగిలిన కరెంటు డబ్బుల్లో సగం నీకే అన్నాను, ఇప్పటికి 55కి దిగాడు.