.32 రివాల్వర్: తోట ఇంటికి సరే, గుడారానికి వద్దు

తాడిపత్రి ప్రాంతంలో ఊరికి దూరంగా, చీనీ తోటలోనే ఇల్లు కట్టుకొని కాపురం ఉంటున్నాము. లైసెన్సు మీద కొన్న ఆరు తూటాల .32 రివాల్వర్ నా దగ్గర చాలా ఏళ్లుగా ఉంది. ఇంటి భద్రతకూ, అప్పుడప్పుడు గండికోట వైపు వెళ్ళి గుడారంలో రాత్రి గడిపేటప్పుడు తోడుకూ కలిపి ఒకే చిన్న ఆయుధం కొనుక్కుంటే సరిపోతుంది కదా అని బంధువులు, తోటి రైతులు నన్ను తరచుగా అడుగుతుంటారు. మొదటి పనికి అది కొన్ని షరతులకు లోబడి పనికొస్తుంది. రెండో పనికి పనికిరాకపోవడమే కాదు, కొత్త చిక్కులు తెచ్చిపెడుతుంది. ఈ మాట నేను వాడి చూసి చెబుతున్నది.

సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం వంటి క్యాలిబర్లు (గుండు లావును బట్టి చెప్పే కొలతలు) మామూలు పౌరుడికి దొరకవు కనుక, మన దగ్గర రివాల్వర్ అంటే చాలామందికి .32 అనే అర్థం. నా దగ్గరున్నది కాన్పూర్‌లోని స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైనది. పాతకాలపు బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల పద్ధతిలోనే బొటనవేలితో గొళ్ళెం నొక్కితే గుండు బయటికి వెళ్ళే గొట్టం, అంటే బ్యారెల్, ముందుకు వంగుతుంది, తూటాలు ఉండే గుండ్రటి సిలిండర్ వెనుక నుంచి తెరుచుకుంటుంది, ఆరు ఖాళీ తూటాలూ ఒకేసారి పైకి లేస్తాయి. బ్యారెల్ సుమారు 3 అంగుళాలు, బరువు సుమారు 700 గ్రాములు. ఇంతకంటే తేలికైనది కావాలనుకునేవారికి 2014లో టైటానియం మిశ్రమ లోహంతో 500 గ్రాముల 'నిర్భీక్' వచ్చింది. అప్పట్లో దాని ధర 1,22,360 రూపాయలు. 2021లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి దాని స్థానంలో ఏడు ప్రభుత్వ కంపెనీలు ఏర్పడ్డాక, వాటిలో ఆయుధాలు తయారుచేసే కాన్పూర్ కంపెనీ 2023లో 'ప్రబల్' అనే మరో .32 రివాల్వర్‌ను తెచ్చింది. దాని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది.

తూకం తక్కువైతే మంచిదని కొనేవారు అనుకుంటారు. నడుముకు కట్టుకొని రోజంతా తిరిగేవారికి అది నిజమే. ఇంట్లో పెట్టుకొనేవారికి మాత్రం కొంత బరువు ఉండటమే మేలు. తూటా ఒకే రకానిది అయినప్పుడు తేలిక ఆయుధం చేతిని ఎక్కువగా తంతుంది, రెండో గుండు పేల్చే లోపు గురి తప్పుతుంది. ఒకటి రెండు సార్లు పేల్చేసరికి మణికట్టు నొప్పి పుట్టిందంటే మనిషి సాధన మానేస్తాడు. .32 తూటా తన్ను మొదటే తక్కువ కనుక, ఈ 700 గ్రాముల బరువులో దాన్ని అదుపులో పెట్టుకోవడం నడివయసు దాటిన చేతికి కూడా సాధ్యమే. నన్నడిగితే ఈ ఆయుధంలో అన్నిటికన్నా మెచ్చుకోవలసిన గుణం ఇదే.

కష్టమల్లా ట్రిగ్గర్‌తోనే. తూటా వెనుక కొట్టే సుత్తిలాంటి హామర్‌ను ముందుగా వెనక్కి లాగి పేలిస్తే ట్రిగ్గర్ చిన్న కదలికతో తేలికగా పనిచేస్తుంది. నేరుగా ట్రిగ్గర్‌నే లాగితే, వేలు సిలిండర్‌ను తిప్పాలి, హామర్‌ను ఎత్తాలి, వదలాలి. ఆ లాగుడు పొడుగు, బరువు. చిన్న రివాల్వర్లన్నిటికీ ఉన్న స్వభావమే ఇది. రేంజిలో ఏడు మీటర్ల దూరం నుంచి మొదటి పద్ధతిలో నా గుళ్ళు అరచేయంత చోట పడతాయి. రెండో పద్ధతిలో అన్నం పళ్ళెమంత చోటికి చెదిరిపోతాయి. నిద్రలోంచి లేచి, గుండె దడదడలాడుతున్నప్పుడు ఎవరైనా రెండో పద్ధతిలోనే లాగుతారు. అందుకే కొనేవారికి నేను చెప్పేది, రేంజికి వెళ్ళినప్పుడు మొదటి పద్ధతిలో వచ్చిన గురిని చూసి సంతోషపడవద్దని. డమ్మీ తూటాలు వేసుకొని, నిజం తూటాలు వేరే గదిలో ఉంచి, ఇంట్లో ఖాళీ ట్రిగ్గర్ సాధన చేస్తే వేలికి ఆ పొడుగు లాగుడు అలవాటవుతుంది. బ్యారెల్ కొసన గురి చూసుకొనే ముక్క చిన్నది, నల్లది. మసక వెలుతురులో అసలు కనిపించదు. ఎడమచేతిలో టార్చి లేకుండా ఈ ఆయుధం రాత్రిపూట ఎందుకూ కొరగాదు. ఎవరో కనిపించకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టడం కన్నా ఘోరం మరొకటి లేదు. చీకట్లో కదిలే మనిషి నీళ్ళు కట్టడానికి వచ్చిన కూలీ కావచ్చు, బస్సు దిగి చెప్పకుండా వచ్చిన మేనల్లుడు కావచ్చు.

మా వైపు ఇళ్ల సంగతి కూడా ఆలోచించాలి. గోడలు రాయి, నేల తాడిపత్రి బండలు, పాత ఇళ్లలో కప్పు కూడా బండే. ఏటవాలుగా రాతికి తగిలిన సీసపు గుండు ముక్కలై ఎటు ఎగురుతుందో చెప్పలేము. అటువంటి గదిలో పేల్చిన చప్పుడుకు చెవులు గింగురుమని చాలాసేపు ఏమీ వినపడదు, కళ్ల ముందు మంట మెరుపు నిలిచిపోతుంది. అందువల్ల ఆయుధం పట్టుకొని గదిగదీ వెతుక్కుంటూ తిరగడం తగదు. మా ఇంట్లో అనుకున్న ఏర్పాటు ఏమంటే, అలికిడి అయితే అందరూ వెనుక గదిలోకి చేరి గడియ వేసుకుంటారు, ఒకరు 112కు ఫోన్ చేస్తారు, నేను తలుపుకు ఎదురుగా మంచం వెనుక కూర్చొని గట్టిగా కేకవేస్తాను. ఇంటికి మొదటి కాపలా మా కుక్క, తరువాత గేటు దగ్గరి దీపం, ఆ తరువాత తలుపు గడియ. వాటన్నిటినీ దాటి వచ్చినవాడి కోసమే రివాల్వర్. భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తాయి గాని, అవసరానికి మించి హాని చేయడానికి అవి అనుమతించవు. పారిపోతున్న దొంగ వీపు మీద పేల్చి దాన్ని ఆత్మరక్షణ అనడం కుదరదు.

ఇంట్లో మనవలు ఉన్నారు. గోడలోకి బోల్టులు బిగించిన చిన్న ఇనుప పెట్టెలో రివాల్వర్‌ను ఖాళీగా ఉంచుతాను, తూటాలు మరో తాళం కింద ఉంటాయి. పెట్టెలో పెట్టే ముందు ప్రతిసారీ తెరిచి, కిటికీ వైపు పట్టి చూస్తాను. ఆరు గుండ్రటి రంధ్రాల్లోంచీ వెలుతురు కనిపించాలి. ఒక్కటి మూసుకొని ఉన్నా తూటా మిగిలిపోయినట్టే. పిస్టల్‌లో తూటాలుండే మ్యాగజైన్ తీసినా బ్యారెల్ మొదట్లోని చాంబర్‌లో ఒక తూటా దాగి ఉండవచ్చు; దీనిలో ఆ మోసం లేదు. తాళాలు తీసి తూటాలు నింపడానికి పట్టే సమయాన్ని కుక్క, గడియ సంపాదించి పెట్టాలి.

కొనేవారిలో చాలామంది గమనించని విషయం ఒకటుంది. లైసెన్సు ఇంటికి ఇచ్చేది కాదు, మనిషికి ఇచ్చేది. నేను పని మీద అనంతపురం వెళ్ళి రాత్రికి అక్కడే ఉండిపోతే, లైసెన్సులో పేరు లేని నా భార్యకు ఆ పెట్టె తాళం ఇచ్చి వెళ్ళడానికి వీల్లేదు. ఇంకొకటి, ఎన్నికలు. మన జిల్లాల్లో కోడ్ వచ్చిందంటే ఆయుధాలు ఠాణాలో అప్పగించమని కబురు వస్తుంది. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. అన్నాళ్లూ రివాల్వర్ ఇంట్లో లేదు. ఊళ్ళలో ఉద్రిక్తత ఎక్కువగా ఉండే నెలల్లోనే అది చేతిలో ఉండదన్నమాట. ప్రజల శాంతి కోసం పెట్టిన ఆ నియమం సరైనదేనని, ముఠా కక్షలు చూసిన ప్రాంతం మనిషిగా నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కాని ఇంటి భద్రత అంతా ఈ ఒక్క వస్తువు మీదే ఆధారపెట్టుకున్నవారు ఆ నెలల్లో ఏం చేస్తారో ముందే ఆలోచించుకోవాలి.

ఇక గుడారం సంగతి. గండికోటలో పెన్నా లోయ అంచున రాత్రి గడపడం నాకు ఎంతో ఇష్టం. అక్కడికి మొదట్లో రివాల్వర్ తీసుకువెళ్ళేవాణ్ణి, ఇప్పుడు తీసుకువెళ్ళడం లేదు. లైసెన్సు రాష్ట్రమంతటికీ చెల్లుతుందా, జిల్లాకే పరిమితమా అన్నది ముందు చూసుకోవాలి. తాడిపత్రి మాది అనంతపురం జిల్లా, గండికోట కడప జిల్లా. అంతకన్నా ముఖ్యమైనది, వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా ఏ అభయారణ్యంలోకీ ఆయుధంతో ప్రవేశించకూడదు. కలివికోడి కోసం పేరు తెచ్చుకున్న లంకమల, నల్లమలలోని గుండ్ల బ్రహ్మేశ్వరం, బట్టమేకపిట్ట కోసం ఏర్పడిన రోళ్ళపాడు, అన్నీ దీని కిందికే వస్తాయి. చేతిలో లైసెన్సు ఉన్నా అక్కడ అది చెల్లదు.

చట్టం మాట అటుంచినా, అడవిలో ఈ తూటా దేనికి పనికొస్తుంది? వందేసి కిలోల ఎలుగుబంటి పొదలోంచి లేచి మీదికి వస్తే .32 సీసపు గుండు దాన్ని ఆపుతుందన్న నమ్మకం నాకు లేదు. గాయపడిన ఎలుగు మరింత ప్రమాదం. రాత్రి గుడారం దగ్గరికి వచ్చే నిజమైన భయం రక్తపింజర, తేలు. వాటికి మందు మడమలు దాటే బూట్లు, జిప్పు మూసిన గుడారం, మంచి టార్చి. అడవిపందిని పేలిస్తే, అదీ చట్టం కాపాడే జంతువే కనుక, కేసు మన మీద పడుతుంది. పైగా గుడారంలో ఆయుధాన్ని ఎక్కడ పెడతారు? నీళ్లలోకి దిగితే ఒడ్డున బట్టల కింద పెట్టలేరు, కారులో వదిలి వెళ్ళలేరు, దిండు కింద పెట్టుకొని పక్కన పిల్లలను పడుకోబెట్టలేరు. మంట చుట్టూ చేరినవారిలో ఒకరిద్దరు మందు పుచ్చుకుంటే ఆ రాత్రంతా నిద్ర ఉండదు. ఆయుధాన్ని కాపలా కాయడమే పనై, వెళ్ళిన సంతోషం పోతుంది. ఇప్పుడు ఇంటిల్లిపాదీ రెండు మూడు రోజులు ఊరు విడిచేటట్లయితే దాన్ని లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలో భద్రపరచడానికి ఇచ్చి, రసీదు తీసుకొని వెళ్తున్నాను.

నిర్వహణ పెద్ద శ్రమ కాదు గాని, ఎండిన నేల కదా తుప్పు పట్టదని అనుకోవద్దు. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి వదిలేస్తే, తోలులో మిగిలిన రసాయనాలూ వానాకాలపు చెమ్మా కలిసి బ్యారెల్ పక్కన గోధుమరంగు చుక్కలు లేపుతాయి. ఒర మోయడానికే, నిలవ ఉంచడానికి కాదు. పేల్చిన రోజే ఇత్తడి బ్రష్షుతో బ్యారెల్ రుద్ది, సిలిండర్ ముందు భాగంలోనూ బ్యారెల్ మొదట్లోనూ అంటిన సీసాన్ని తీసేయాలి. తూటాలను ఎత్తే నక్షత్రం ఆకారపు ముక్క అడుగున కాలని మందు రేణువు ఒక్కటి చిక్కుకున్నా సిలిండర్ బిగుసుకొని ట్రిగ్గర్ కదలదు. పాత టూత్ బ్రష్షుతో అక్కడ తుడవడం మరువకూడదు. నూనె పలుచగా చాలు. ఎక్కువైతే మా తోట దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ఠాణాలో అప్పగించే ముందు మాత్రం కాస్త దట్టంగా పట్టిస్తాను, ఎందుకంటే అక్కడ ఎన్నాళ్లు ఉంటుందో మన చేతిలో లేదు.

దుకాణంలో ఎంచుకునేటప్పుడు, అది ఖాళీగా ఉందని చూసుకొన్నాక, హామర్ లాగి ఉంచి సిలిండర్‌ను వేళ్ళతో అటూ ఇటూ కదిపి చూడాలి. నామమాత్రంగా తప్ప ఊగకూడదు. వంగే చోట గొళ్ళెం మూసినప్పుడు సందు లేకుండా గట్టిగా పడాలి. పాతది కొనేవారు ఆ గొళ్ళెం అరుగుదలను ముఖ్యంగా చూడాలి, ఎందుకంటే ఈ రకం ఆయుధానికి బలమంతా అక్కడే ఉంది. పిడి మీ చేతికి సరిపోవాలి, అమ్మేవాడి మాటకు కాదు. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు ఐదేళ్లు. నేను రెండు నెలల ముందే రెన్యూవల్‌కు దరఖాస్తు పెడతాను. లైసెన్సు పుస్తకం, కొన్న బిల్లు, తూటాల లెక్క ఒకే సంచిలో పెట్టి, నాకేదైనా అయితే ఆయుధాన్ని ఎవరూ ముట్టుకోకుండా ముందు ఠాణాకు కబురు చేసి అప్పగించి, రసీదు తీసుకోమని పెద్దబ్బాయికి చెప్పి ఉంచాను.