గన్‌మెటల్ కమాన్ బుష్‌లు: రెండేళ్ల తరువాత

లారీ బరువు మోసే పట్టీల స్ప్రింగే కమాను. దాని కొసల్లో పిన్ను చుట్టూ తొడిగే గొట్టం లాంటి ముక్క బుష్, నావి గన్‌మెటల్ అనే కంచు రకానివి. ఈ బుష్‌లో నేను ప్రాణం పెట్టేది లోపలి గాడికి. వేలు పెట్టి తడిమితే తగులుతుంది. గ్రీజు గన్ను తగిలించే చిన్న మూతి, అంటే నిపుల్ దగ్గర ఎక్కించిన గ్రీజు పిన్ను మధ్యనున్న రంధ్రంలోంచి వచ్చి, ఆ గాడి వెంట చుట్టూ పాకుతుంది. అంతకుముందు వేసినవి గాడి లేని నునుపు బుష్‌లు. వాటిలో గ్రీజు ఒకవైపే నిలిచిపోయి, బరువు పడే వైపు ఇనుము వట్టిగా రాసుకునేది.

గుంటూరు యార్డు నుంచి చెన్నైకి మిర్చి టిక్కీలు తోలుతాను. బుష్‌లు అరిగిన రోజుల్లో ఒంగోలు చేరేసరికే భుజాలు పట్టేసేవి, స్టీరింగు అంతగా ఎడమకు లాగేది. విజయవాడ ఆటోనగర్‌లో ముందు కమాన్లకు ఆరూ మార్పించాను. సుత్తితో కొట్టకుండా ప్రెస్సులో దించి, లోపలి రంధ్రాన్ని కొలతకు తెచ్చే రీమరు తిప్పారు. పిన్ను బొటనవేలితో నెడితే మెత్తగా దిగింది. ఆ నెలంతా కనిపించిన ప్రతి లారీ యజమానికీ వీటి గురించే చెప్పాను.

ఎనిమిదో నెలలో గ్రీజు కొడుతుంటే ఐదు చోట్ల అంచుల నుంచి పాతది నల్లగా బయటకు వచ్చింది. ఎడమవైపు ముందు కమాను వెనుక కొసను చాసిస్‌కు తగిలించే షాకిల్ దగ్గర మాత్రం నిపుల్ తల మీదుగానే వెనక్కి చిమ్మింది. నిపుల్ పాడైందనుకుని కొత్తది వేసి ఊరుకున్నాను. పదిహేను రోజులకు స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా కీచుమని అరుపు మొదలైంది. విప్పబోతే పిన్ను కదలలేదు. మూడు గంటలు కొడితే గానీ ఊడలేదు. మేస్త్రి దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, “ఇది గ్రీజు మొహమే చూడలేదు బాబూ” అన్నాడు. రంధ్రం నిండా పాత గ్రీజు రాయిలా గట్టిపడి ఉంది. బుష్‌లు కొత్తవి వేసిన రోజున, అరగలేదని ఆ ఒక్క పిన్నూ పాతదే ఉంచమన్నది నేనే. బుష్ గాడి మాత్రం చెక్కుచెదరలేదు, దానిలోకి చేరాల్సిన గ్రీజే చేరలేదు.

అప్పట్లో “వేసి మరిచిపోవచ్చు” అని చాలామందికి చెప్పాను. మరిచిపోకూడదు. వారానికొకసారి గ్రీజు కొట్టాలి, వానల్లో ఇంకా ముందే. కొట్టేటప్పుడు యాక్సిల్ కింద కాకుండా చాసిస్ కింద జాకీ పెట్టి పిన్ను మీది బరువు తీయాలి. అప్పుడే బరువు పడే వైపుకూ గ్రీజు చేరుతుంది.

నా బండి నేనే నడుపుతాను, గ్రీజు గన్ను నా సీటు కిందే ఉంటుంది. అందుకే నాకు ఇవి సరిపోయాయి. వారానికొక డ్రైవరు మారే బండికి, ఇసుక, కంకర తోలే బండికి ఇలాగే నిలుస్తాయని చెప్పలేను. నాకే కుడివైపు ముందుది ఇప్పుడు కాస్త లూజైంది. వేసవి సెలవులకు యార్డు మూయగానే దాన్ని మార్పిస్తాను, గాడి ఉన్నదే వేయించి, పిన్ను కూడా కొత్తదే వేయిస్తాను.